‘80 శాతం’ అన్న మాట నిజమేనా? సర్వేతో తేల్చుకోవడం ఎలా

ప్రాజెక్టు రిపోర్టుల సీజన్ వచ్చిందంటే ఒకే ప్రశ్న నాకు రకరకాలుగా వస్తుంది. ఎంబీఏ పిల్లలు, ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లు, నర్సింగ్ విద్యార్థులు, అందరూ అడుగుతారు. “రెండొందల మందిని అడిగాం సార్, 58 శాతం అవునన్నారు. సగానికంటే ఎక్కువే అని రాసేయొచ్చా?” అని ఒకరు. “వాళ్లు 80 శాతం అంటున్నారు, మా సర్వేలో 74 వచ్చింది. వాళ్ల మాట తప్పని రాయొచ్చా?” అని ఇంకొకరు. విడివిడిగా జవాబిచ్చే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. లెక్క ఐదు నిమిషాల పని, మామూలు కాలిక్యులేటర్ చాలు. నా దగ్గరికి వచ్చే రిపోర్టుల్లో లెక్క తప్పడం చాలా తక్కువ. ఎవరిని అడిగారు, ఏమని అడిగారు, ఏ మాటను పరీక్షించాలని ముందు అనుకున్నారు అన్నచోటే తప్పు ఉంటుంది. అందుకే ఇక్కడ సగం పని లెక్కకు ముందే నడుస్తుంది. దయచేసి ఆ భాగం దాటేసి లెక్కలోకి దూకకండి.

చివరిదాకా ఒకే ఉదాహరణతో వెళ్దాం. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను ఇంట్లోనే విడదీసి ఇవ్వాలన్నాయి: తడి చెత్త ఒకటి, పొడి చెత్త ఒకటి, వాడేసిన బ్యాటరీలు, పాత మందుల్లాంటి ప్రమాదకరమైనవి ఒకటి. ఒక పట్టణంలో “కనీసం 80 శాతం ఇళ్లవాళ్లు తడి, పొడి వేరు చేసి బండికి ఇస్తున్నారు” అని చెప్పుకుంటున్నారనుకుందాం. దాన్ని మీరు పరీక్షించాలి. ఇకమీద వచ్చే ఇళ్ల సంఖ్యలు, శాతాలు వివరించడానికి నేను వేసుకున్నవి, ఏ ఊరివీ కావు.

కావలసినవి

ఊళ్లోని ఇళ్ల జాబితా. మునిసిపాలిటీ ఇంటి పన్ను జాబితా దొరికితే మంచిది. దొరకకపోతే పోలింగ్ బూత్‌ల వారీగా ఉండే ఓటర్ల జాబితా, అందులో ఇంటి నంబర్లు ఉంటాయి. రెండిటికీ లోటుపాట్లున్నాయి. పన్ను జాబితాలో నాలుగు అద్దె వాటాలున్న ఇల్లు ఒక్క ఇల్లుగానే పడుతుంది. ఓటర్ల జాబితాలో కొత్తగా వచ్చి అద్దెకు దిగినవాళ్లు ఉండరు. ఏది వాడారో రాసిపెట్టుకోండి.

ఒక నోటు పుస్తకం, వర్గమూలం మీట ఉన్న కాలిక్యులేటర్ లేదా ఎక్సెల్, వీలైతే ఇంకో మనిషి సాయం. ఎస్‌పీఎస్‌ఎస్ అక్కర్లేదు. “సాఫ్ట్‌వేర్ లేదు సార్” అని టెన్షన్ పడేవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

1. పరీక్షించే మాటను రాసి తేదీ వేయండి

సర్వేకు బయల్దేరక ముందే నోటు పుస్తకంలో మూడు వాక్యాలు రాయండి.

మొదటిది, ప్రస్తుతానికి నిజమనుకుని మొదలుపెట్టే మాట: “ఊళ్లో 80 శాతం ఇళ్లు చెత్త వేరు చేస్తున్నాయి.” పుస్తకాల్లో దీన్ని శూన్య పరికల్పన అంటారు. రెండోది, ఆధారం దొరికితే మీరు చెప్పబోయే మాట: “80 శాతం కంటే తక్కువ ఇళ్లే వేరు చేస్తున్నాయి.” ఇది ప్రత్యామ్నాయ పరికల్పన. మూడోది, ఎంత గట్టి ఆధారం ఉంటే ఒప్పుకుంటారన్నది. మామూలుగా 5 శాతం, అంటే 0.05: మొదటి మాట నిజమే అయినా పొరపాటున కాదనేసే అవకాశం ఇంతకు మించకూడదని. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1925లో దీన్ని ఒక సౌకర్యమైన హద్దుగా చూపించాడు, అందరికీ అదే అలవాటైంది. మీరు 1 శాతం పెట్టుకున్నా తప్పు లేదు, ముందే పెట్టుకోవాలి అంతే.

రెండో వాక్యంలో దిక్కు జాగ్రత్త. ఇక్కడ మాట “కనీసం 80” కాబట్టి తక్కువ వైపు మాత్రమే చూస్తే సరిపోతుంది. ఊళ్లో 90 శాతం ఉన్నా ఆ మాట తప్పు కాదు కదా. కానీ “సరిగ్గా 80” అన్న మాటను పరీక్షిస్తుంటే ఎక్కువ, తక్కువ రెండూ చూడాలి. ఎటూ తేల్చుకోలేకపోతే రెండు వైపుల పరీక్షే పెట్టుకోండి. లెక్కయ్యాక, పి-విలువ (6వ మెట్టులో వస్తుంది) 0.05 దాటిందని చూసి ఒక వైపుకి మార్చుకోవడం మాత్రం పరీక్ష రాసి వచ్చి ప్రశ్నపత్రం మార్చుకోవడమే. తేదీ వేయమనేది అందుకే.

ఇంకో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. 80 అన్న అంకె బయటి నుంచి రావాలి. ఎవరో చెప్పిన మాట, పెట్టుకున్న లక్ష్యం, నియమం, ఏదైనా కావచ్చు. మీ సర్వేలో వచ్చిన అంకె చూసి దానికి దగ్గరలో ఒకటి ఎంచుకుంటే అది పరీక్ష కాదు. ఆ అంకె ఇంకో సర్వే నుంచి తీసుకుంటే అదీ ఒక అంచనాయేనని మరవకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో దేశం మొత్తంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఏడు లక్షల ఇరవై నాలుగు వేల మందికి పైగా స్త్రీలను కలిసిన సర్వే అది, అందుకని ఆ 57ని స్థిరమైన అంకెగా వాడుకోవచ్చు. మీ సీనియర్ 150 మందిని అడిగి తెచ్చిన 57ని అలా వాడకూడదు. అప్పుడు రెండు శాతాలను పోల్చే వేరే పరీక్ష చేయాలి.

2. ‘అవును’ అంటే ఏమిటో తేల్చండి

ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి. మొదటిసారి ఇలాంటి సర్వేకు వెళ్లినప్పుడు “మీరు చెత్త వేరు చేస్తున్నారా?” అని అడిగాను. దాదాపు అందరూ అవునన్నారు. సాయంత్రం తిరిగి వస్తూ చూస్తే, అవునన్న ఇళ్ల గేటు పక్కనే కూరగాయల తొక్కలు, పాల ప్యాకెట్లు ఒకే బుట్టలో ఉన్నాయి. వాళ్లు కావాలని అబద్ధం చెప్పలేదు. అడిగిన తీరులోనే జవాబు ఉంది. రెండు రోజుల పని పోయింది.

కాబట్టి చూసి తేల్చగలిగినదాన్ని అడిగి తేల్చకండి. బండి వచ్చే వేళకు వెళ్లి బుట్టలు చూడండి. అడగక తప్పకపోతే “నిన్న బండికి చెత్త ఎలా ఇచ్చారు? ఒకే బుట్టలోనా, విడివిడిగానా?” అని జరిగిన పని గురించి అడగండి. మంచి అలవాటు ఉందా అని అడిగితే మంచి జవాబే వస్తుంది.

మధ్యరకం ఇళ్లకు నియమం ముందే రాసుకోండి. బుట్టలు రెండున్నా ఒకదానిలో కలిసి ఉంటే? కొబ్బరి చిప్ప పొడి బుట్టలో వేస్తే? నేనైతే “తడి బుట్టలో ప్లాస్టిక్ కనబడితే కాదు, లేకపోతే అవును” అని పెట్టుకుంటాను. మీరు వేరేలా పెట్టుకోవచ్చు. ఇద్దరు మనుషులు ఒకే బుట్ట చూసి ఒకే జవాబు రాయగలగాలి, అదే కొలమానం. బయల్దేరే ముందు పది ఇళ్ల దగ్గర ఇద్దరూ విడివిడిగా రాసి పోల్చుకోండి. రెండు మూడు చోట్ల తేడా వస్తే నియమం మళ్లీ రాయండి.

3. ఎన్ని ఇళ్లు చూడాలి?

“వంద చాలా సార్?” అని అడుగుతారు. ఎంత చిన్న తేడా పట్టుకోవాలన్నదాన్ని బట్టి ఉంటుంది. 5 శాతం హద్దుతో, ఒక వైపు పరీక్షలో, తేడా నిజంగా ఉంటే పదిలో ఎనిమిది సార్లు పట్టుబడాలనుకుంటే లెక్క ఇలా వస్తుంది. ఊళ్లో అసలు శాతం 70 అయితే 80 కాదని చెప్పడానికి సుమారు 109 ఇళ్లు చాలు. అసలు శాతం 74 అయితే సుమారు 293 కావాలి. 77 అయితే సుమారు 1,139. తేడా సగమైతే ఇళ్లు దాదాపు నాలుగింతలవుతాయి.

ఇవి ఊరంతా చీటీలు తీసినట్టు ఎంచుకున్న ఇళ్లకు వర్తించే అంకెలు. వీధుల వారీగా తిరిగితే ఇంకా ఎక్కువ కావాలి. ఎందుకో 7వ మెట్టులో వస్తుంది. మన ఉదాహరణకు 300 పెట్టుకుందాం.

4. ఇళ్లు మీరు ఎంచుకోకండి, జాబితాను ఎంచనివ్వండి

తెలిసినవాళ్ల ఇళ్లు, మెయిన్ రోడ్డు పక్క ఇళ్లు, వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫామ్ నింపినవాళ్లు: వీటితో వచ్చిన శాతానికి ఈ పరీక్ష చేయకూడదు. ఫామ్ మూడు వేల మంది నింపినా సరే. తీరిక, ఆసక్తి ఉన్నవాళ్లే నింపుతారు కాబట్టి అది ఊరి మాట అవదు. ఏ సూత్రమూ దాన్ని తర్వాత బాగు చేయలేదు.

ఎక్కువ తిరగగలిగితే ఇది చేయండి. జాబితాలో 9,000 ఇళ్లుంటే, 300 కావాలంటే, 30కి ఒకటి. 1 నుంచి 30 లోపు ఒక చీటీ తీయండి. 17 వచ్చిందనుకోండి, 17వ ఇల్లు, 47వది, 77వది అలా చివరిదాకా.

అంత తిరగలేకపోతే వీధులు ఎంచుకోండి. జాబితా వీధుల క్రమంలోనే ఉండాలి. 15 వీధులు కావాలంటే 9,000ను 15తో భాగిస్తే 600. 1 నుంచి 600 లోపు ఒక చీటీ. 412 వస్తే 412వ ఇల్లు ఏ వీధిలో పడిందో ఆ వీధి, తర్వాత 1,012వ ఇల్లున్న వీధి, 1,612వ ఇల్లున్న వీధి. ఇలా చేస్తే పెద్ద వీధికి ఎక్కువ అవకాశం దానంతటదే వస్తుంది. తర్వాత ప్రతి వీధిలో సమాన దూరంలో 20 ఇళ్లు. ఇరవై ఇళ్లు లేని చిన్న వీధులను ముందే పక్క వీధితో కలిపేయండి. ఇలా ఎంచితే ప్రతి ఇంటికీ దాదాపు సమాన అవకాశం ఉంటుంది, వెయిట్లు, అంటే ఒక్కో ఇంటికి వేరే వేరే గుణకాలు, వేసే బాధ తప్పుతుంది. మన ఉదాహరణలో ఈ వీధుల పద్ధతే వాడామనుకుందాం.

5. తాళం వేసిన ఇంటిని వదిలేయకండి

పక్కింటితో భర్తీ చేయడం మనవాళ్లందరూ చేసే పని. ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల ఇళ్లే ఎక్కువగా తాళం వేసి ఉంటాయి. వాళ్ల బదులు ఇంట్లో ఉండేవాళ్లను లెక్కేస్తే శాంపిల్ ఒక వైపు వాలిపోతుంది. వేరే వేరే వేళల్లో మూడుసార్లు వెళ్లండి. అప్పటికీ దొరక్కపోతే “దొరకలేదు” అని రాసి లెక్క ఉంచండి. 20 నింపడానికి ఇంకో ఇల్లు అవసరమైతే అదీ జాబితా క్రమంలోనే తీసుకోండి, ఎన్ని అలా తీసుకున్నారో చెప్పండి.

మన ఉదాహరణలో మొత్తం 340 ఇళ్లకు వెళ్తే 300 ఇళ్లలో చూడగలిగామనుకుందాం. 40 దొరకలేదు. ఈ 40ని గుర్తుంచుకోండి.

6. మామూలు లెక్క

300 ఇళ్లలో 222 ఇళ్లు వేరు చేస్తున్నాయి. 222ను 300తో భాగిస్తే 0.74.

ముందు ఈ పద్ధతి వాడొచ్చా చూడండి. శాంపిల్‌ను పరీక్షిస్తున్న శాతంతో గుణించండి: 300 × 0.80 = 240. మిగతా శాతంతోనూ గుణించండి: 300 × 0.20 = 60. రెండూ 10కి తక్కువ కాకూడదు. ఇక్కడ సరిపోయింది.

ఇప్పుడు స్టాండర్డ్ ఎర్రర్, తెలుగు పుస్తకాల్లో ప్రామాణిక దోషం. 0.80 × 0.20 = 0.16. దాన్ని 300తో భాగించి వర్గమూలం తీస్తే 0.0231. ఇక్కడ 0.74 కాదు, 0.80 వాడాలి. 80 నిజమైతే అంకె ఎంత ఊగుతుందో చూస్తున్నాం కాబట్టి.

తేడాను దీనితో భాగించండి: (0.74 − 0.80) ÷ 0.0231 = −2.60. ఇదే జెడ్ విలువ. ఎక్సెల్‌లో నార్మ్.ఎస్.డిస్ట్ ఫంక్షన్‌కు ఈ విలువ ఇచ్చి, రెండో చోట ట్రూ పెడితే 0.0047 వస్తుంది. ఇది పి-విలువ. రెండు వైపుల పరీక్షయితే రెట్టింపు, 0.0094. మొదటి మెట్టులో పెట్టుకున్న 0.05 కంటే పి-విలువ తక్కువైతే మొదటి మాటను కాదనొచ్చు. ఎక్సెల్ లేకపోతే జెడ్ పట్టిక చాలు: ఒక వైపు 5 శాతానికి హద్దు 1.645, రెండు వైపులకు 1.96.

ఫంక్షన్ సరిగ్గా వాడుతున్నారో చూడాలంటే ముందు −1.96 ఇచ్చి చూడండి. 0.025 రావాలి. 0.975 వచ్చిందంటే మైనస్ గుర్తు వదిలేశారు.

0.0047 అంటే ఏమిటి? ఊళ్లో నిజంగానే 80 శాతం ఉంటే, చీటీలు తీసినట్టు ఎంచుకున్న 300 ఇళ్లలో ఇంత తక్కువ రావడం వెయ్యి సర్వేల్లో అయిదింటిలో జరుగుతుంది. “80 నిజమయ్యే అవకాశం 0.47 శాతం” అని దీని అర్థం కాదు. ఈ తప్పు గైడ్ సంతకం పెట్టిన రిపోర్టుల్లో కూడా చూశాను.

మొదట్లో అడిగిన 58 శాతం సంగతి కూడా ఇదే లెక్క. 200 మందిలో 116 మంది. స్టాండర్డ్ ఎర్రర్ 0.0354, జెడ్ 2.26, రెండు వైపుల పి-విలువ 0.024. ఆ రెండొందల మందిని చీటీలు తీసి ఎంచుకుని ఉంటే “సగానికంటే ఎక్కువ” అని రాయొచ్చు. క్యాంటీన్ దగ్గర నిలబడి అడిగి ఉంటే రాయకూడదు.

శాంపిల్ చిన్నదైతే: 20 ఇళ్లే చూశారు, 12 అవును. 20 × 0.20 = 4, అంటే 10 కంటే తక్కువ. జెడ్ వాడకూడదు. వాడితే పి-విలువ 0.013 అని చూపిస్తుంది. ఎక్సెల్‌లో బైనామ్.డిస్ట్ ఫంక్షన్‌కు వరుసగా 12, 20, 0.8, ట్రూ ఇవ్వండి. 0.032 వస్తుంది. సరైన జవాబు ఇది. రెండున్నర రెట్ల తేడా చూడండి.

7. వీధుల వారీగా తిరిగితే ఈ మెట్టు తప్పనిసరి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇదే చదవమంటాను. కాలేజీ ప్రాజెక్టుల్లో దాదాపు ఎవరూ చేయనిది ఇదే.

ఒకే వీధి ఇళ్లు ఒకదానిలాగా ఒకటి ఉంటాయి. బండి రోజూ వచ్చే వీధిలో అందరూ వేరు చేస్తారు. రాని వీధిలో ఎవరూ చేయరు. పక్కింటావిడ రెండు బుట్టలు పెడితే చూసి మనమూ పెడతాం. కాబట్టి ఒక వీధిలో 20 ఇళ్లు చూస్తే 20 కొత్త విషయాలు తెలిసినట్టు కాదు. 6వ మెట్టులోని సూత్రానికి ఈ సంగతి తెలియదు. అది 300 ఇళ్లనూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివాటిగా చూస్తుంది.

సులువైన మార్గం: ఇళ్లను పక్కన పెట్టి వీధులను లెక్కించండి. 15 వీధుల్లో, ఇరవయ్యేసి ఇళ్లకు, అవును అన్నవి ఇలా వచ్చాయనుకుందాం:

19, 18, 18, 17, 17, 16, 16, 15, 15, 14, 14, 13, 12, 10, 8. మొత్తం 222.

సగటు 14.8. ఎక్సెల్‌లో ఎస్‌టీడీఈవీ.ఎస్ ఫంక్షన్‌తో వీధుల మధ్య ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్, అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది) తీస్తే 3.075. దాన్ని 15 వర్గమూలంతో, అంటే 3.873తో భాగిస్తే 0.794. ఇరవైలో 80 శాతం అంటే 16. (14.8 − 16) ÷ 0.794 = −1.51. ఇది టీ విలువ. వీధుల సంఖ్యలో ఒకటి తీసేయాలి కాబట్టి 14 స్వాతంత్ర్యాంకాలతో (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) టీ పట్టిక చూడండి. ఒక వైపు 5 శాతానికి హద్దు 1.761. మనది దాటలేదు. ఎక్సెల్‌లో టీ.డిస్ట్ ఫంక్షన్‌కు −1.51, 14, ట్రూ ఇస్తే పి-విలువ సుమారు 0.08.

ఇళ్లు అవే, 222 అదే, 74 శాతం అదే. 6వ మెట్టులో 0.0047 వచ్చింది, ఇక్కడ 0.08. మొదటిది చూసి “80 అన్నది తప్పు” అని రాసేసేవాళ్లం. వీధులను లెక్కలోకి తీసుకుంటే అంత మాట అనడానికి ఆధారం చాలదు. మన సర్వే వీధుల వారీగా జరిగింది కాబట్టి నిలబడే జవాబు రెండోది.

దీన్నుంచి ఫీల్డులో పనికొచ్చే విషయం ఒకటుంది. వీధుల మధ్య తేడాలు ఇలాగే ఉండి, అదే 300 ఇళ్లను 60 వీధుల్లో అయిదేసి చొప్పున చూసి, అదే 74 శాతం వచ్చి ఉంటే స్టాండర్డ్ ఎర్రర్ దాదాపు 4 శాతం పాయింట్ల (0.794 ÷ 20) నుంచి సుమారు 2.9కు దిగేది, పి-విలువ సుమారు 0.02 అయ్యేది. ఇళ్లు పెంచలేకపోతే వీధులు పెంచండి. కాళ్లు నొప్పెడతాయి, కానీ సర్వే నిలబడుతుంది.

తరగతి గదులు, హాస్టల్ గదులు, ఆసుపత్రి వార్డులు, స్వయం సహాయక సంఘాలు, వీటి వారీగా అడిగిన సర్వేలన్నిటికీ ఇదే వర్తిస్తుంది. గుంపుల్లో శాంపిల్ సమానంగా లేకపోతే ఈ సులువు మార్గం పనిచేయదు. సర్వే డిజైన్‌ను పట్టించుకునే సాఫ్ట్‌వేర్ వాడాలి. ఉచితంగా దొరికే గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో దానికోసమే సర్వే అనే ప్యాకేజీ ఉంది.

8. శాతం ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో కూడా ఇవ్వండి

“తేడా ఉంది, లేదు” అన్న ఒక్క మాటతో ఎవరికీ ఉపయోగం లేదు. ఊరికి చెత్త బండ్లు పెంచాలా వద్దా అని ఆలోచించేవాళ్లకు శాతం ఏ పరిధిలో ఉందో కావాలి.

ఈసారి వచ్చిన శాతం చుట్టూ లెక్కించాలి. వీధుల స్టాండర్డ్ ఎర్రర్ 0.794ను 20తో భాగిస్తే 0.0397, అంటే దాదాపు 4 పాయింట్లు. ఇలాంటి వంద సర్వేల్లో 95 సార్లు అసలు శాతం లోపల పడే పరిధిని 95 శాతం పరిధి అంటారు; 14 స్వాతంత్ర్యాంకాలకు దాని గుణకం 2.145. స్టాండర్డ్ ఎర్రర్‌ను దీనితో గుణిస్తే 8.5 పాయింట్లు. కాబట్టి 65.5 నుంచి 82.5 శాతం దాకా. 80 ఇందులోనే ఉంది, పరీక్ష చెప్పిన మాటతో కలిసింది. చీటీలు తీసినట్టు ఎంచుకున్న 300 ఇళ్లయితే ఈ పరిధి 69 నుంచి 79 దాకా మాత్రమే ఉండేది.

ఊరు చిన్నదై, శాంపిల్ మొత్తం ఇళ్లలో పదో వంతు దాటితే ఎర్రర్‌ను కాస్త తగ్గించే సవరణ ఉంది. చేయకపోయినా నష్టం లేదు, మీ జవాబు కొంచెం ఎక్కువ జాగ్రత్తగా ఉంటుందంతే.

9. సరిచూసుకోండి

దొరకని 40 ఇళ్లను ఇప్పుడు బయటికి తీయండి. అన్నీ వేరు చేసేవే అనుకుంటే 262 ÷ 340 = 77.1 శాతం. ఏదీ చేయదనుకుంటే 222 ÷ 340 = 65.3 శాతం. మీ ముగింపు ఈ రెండు కొసల మధ్య ఎక్కడైనా మారిపోతుందేమో చూడండి. మారితే ఆ సంగతి రిపోర్టులో ఉండాలి.

ఇద్దరు కలిసి సర్వే చేశారా? గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్ పంటల సర్వేల్లో వాడిన పద్ధతి ఒకటి మీకూ పనికొస్తుంది. శాంపిల్‌ను చీటీలతో రెండు భాగాలు చేసి ఒక్కో భాగం ఒక్కో బృందానికి ఇచ్చేవారు. రెండు భాగాలూ ఒకే చోటివి కాబట్టి ఫలితాలు దగ్గరగా రావాలి. మీ 15 వీధులను చీటీలతో ఇద్దరికీ పంచండి. ఒకరికి 83, ఇంకొకరికి 64 వస్తే ఊరిని తప్పుపట్టే ముందు మీ ఇద్దరి నియమం ఒకటేనా చూసుకోండి. వీధులు పంచుకునేటప్పుడు “నీకు దగ్గరివి నువ్వు, నాకు దగ్గరివి నేను” అని పంచుకుంటే ఈ తనిఖీ పనికిరాదు.

“తెలియదు”, “చూడనివ్వలేదు” అన్నవాటిని హారంలో వేశారా లేదా చూడండి. ఏదో ఒకటే పద్ధతి, ముందే రాసుకున్నది. కొన్నిచోట్ల 300తో, కొన్నిచోట్ల 292తో భాగించిన రిపోర్టులు చాలా వస్తుంటాయి. 74, 0.74 కలిపి వాడినా ఇంతే. జెడ్ వందల్లో వచ్చిందంటే అక్కడ వెతకండి.

ఒకే సర్వేలో ఇరవై ప్రశ్నలుండి, ప్రతిదానికీ ఇదే పరీక్ష పెడితే ఇంకో ప్రమాదం. ఇరవై మాటలూ నిజమే అయినా, ప్రశ్నలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, కనీసం ఒకటి “తేడా ఉంది” అని చూపించే అవకాశం 64 శాతం. అందులో ఒకటి ఏరుకుని శీర్షిక పెట్టకండి. ముఖ్యమైన ప్రశ్న ఏదో మొదటి మెట్టులోనే గుర్తు పెట్టుకోండి, మిగతావి ఎన్ని పరీక్షించారో చెప్పండి.

10. ఫలితం ఎలా రాయాలి

“శూన్య పరికల్పన రుజువైంది” అని రాయకండి. 0.08 వచ్చిందంటే 80 నిజమని తేలినట్టు కాదు, కాదనడానికి మన దగ్గరున్న ఆధారం చాలలేదని. 72 శాతాన్ని పరీక్షించినా ఈ సర్వే కాదనలేదు. అలాగే “80 అబద్ధం” అని ఎవరినీ నిందించే భాష వద్దు.

నేనైతే ఇలా రాస్తాను, మీ అంకెలు వేసుకుని వాడుకోండి:

“జాబితా నుంచి ఇళ్ల సంఖ్యకు తగ్గట్టు 15 వీధులు, ఒక్కో వీధిలో 20 ఇళ్లు ఎంచుకున్నాం. బండి వచ్చే వేళ బుట్టలు చూసి నమోదు చేశాం. 300 ఇళ్లలో 222, అంటే 74 శాతం, తడి, పొడి వేరు చేస్తున్నాయి. వీధుల మధ్య తేడాలను లెక్కలోకి తీసుకుంటే 95 శాతం పరిధి 65.5 నుంచి 82.5 దాకా ఉంది. కనీసం 80 శాతం అన్న మాటను కాదనడానికి ఈ ఆధారం చాలదు (టీ = −1.51, స్వాతంత్ర్యాంకాలు 14, ఒక వైపు పి-విలువ 0.08). 40 ఇళ్లలో మూడుసార్లు వెళ్లినా చూడలేకపోయాం.”

దీని కింద వీధుల పట్టిక కూడా పెట్టండి. 20లో 8 మాత్రమే వచ్చిన వీధి ఏదో, అక్కడికి బండి ఎన్ని రోజులకొకసారి వస్తుందో ఒక వరుసలో రాయండి. మునిసిపాలిటీ వాళ్లు ముందు చూసేది ఆ వరుసనే.